సెల్లారులో ఖడ్గం

పెద్దాయన కత్తి పైకెత్తి సెల్లారు కప్పుకు ఆనించి చూశాడు. చెయ్యి ఇంకా పూర్తిగా చాపనే లేదు, మొన నీళ్ల పైపుకు తగిలి టంగుమంది.

"జానెడు తక్కువొచ్చిందండి" అన్నాడు, కొలత తీసుకున్న వడ్రంగిలా. తర్వాత నేల మీద అడుగులు వేసుకుంటూ ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా నడిచాడు. ఎనిమిది అడుగులు. అటు పక్కన మా బావ కారు, ఇటు పక్కన మూడు స్కూటర్లు. "ఎంతమందుంటారండి?"

"పద్దెనిమిది, ఇరవై" అన్నాను.

"ఆయ్. అయితే సరిపోద్దండి."

ఆయన మొహంలో చిరాకు గానీ జాలి గానీ నాకు కనపడలేదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టుంది. ఇరవై మంది కోసం నలుగురు మనుషుల్ని గోదావరి అవతల నుంచి రప్పించి, చివరికి పార్కింగులో నిలబెట్టాం.

ఇది మా అత్తయ్య ఇంట్లో గత శ్రావణ మాసంలో జరిగింది. ఇంట్లోవాళ్ల పేర్లు రాయడం లేదు. మిగతాదంతా నేను కళ్లారా చూసిందే.

అత్తయ్యది ద్రాక్షారామం దగ్గర పల్లెటూరు. మామయ్యకు సచివాలయంలో ఉద్యోగం రావడంతో 1971లో మలక్‌పేట ప్రభుత్వ క్వార్టర్స్‌కు వచ్చింది. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మా బావ. చిన్నవాడు 1978లో మెదడువాపు జ్వరంతో పోయాడు. వాడికి ఆరేళ్లు, నాకు ఎనిమిది. వేసవి సెలవులకు వచ్చినప్పుడు మేం ముగ్గురం గంజ్ దాకా వెళ్లి, మిరపకాయల ఘాటుకు ఎవరు ముందు తుమ్ముతారో పందెం కాసేవాళ్లం. ఎప్పుడూ వాడే ఓడిపోయేవాడు.

మా వైపు కొన్ని ఇళ్లలో చిన్నతనంలో పోయినవాణ్ణి 'వీరుడయ్యాడు' అంటారు. వీరభద్రుడి పరివారంలో చేరాడని నమ్మకం. ఆ ఇంట్లో పెళ్లి వచ్చిందంటే ముందు వాడికి చెప్పాలి. చెప్పడమంటే సంబరం చెయ్యాలి. అంటే డోలు, తాషా, వీరణం మోగాలి, కర్పూరపు పళ్లెం వెలగాలి, ఖడ్గం చదవాలి. 1996లో బావ పెళ్లికి అత్తయ్య అడిగింది. "గవర్నమెంటు క్వార్టర్స్‌లో వీరంగమా?" అని మామయ్య కొట్టిపారేశారు. చూడండి, ఎవరైనా గోల చేస్తే 'వీరంగం వేశాడు' అంటాం. ఒకప్పుడు దేవుడి ముందు వేసిన అడుగులకు మన మాటల్లో మిగిలిన గౌరవం అంతే.

మామయ్య ఇప్పుడు లేరు. మనవరాలి పెళ్లి కుదరగానే అత్తయ్య మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి అడగలేదు.

"చీరలు మీ ఇష్టం, హాలు మీ ఇష్టం, కార్డు మీద ఏం రాస్తారో మీ ఇష్టం. సంబరం మాత్రం నాది."

బావ నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, అపార్ట్‌మెంట్‌లో కత్తులేంట్రా, పోలీసులొస్తారు" అన్నాడు. అందులో అబద్ధం లేదు. 1959 ఆయుధాల చట్టం కింద చేసిన నిబంధనల ప్రకారం తొమ్మిది అంగుళాలకు మించిన పొడవో రెండంగుళాలకు మించిన వెడల్పో ఉన్న కత్తి ఆయుధం కిందే లెక్క. వంటింటిదీ పొలం పనిదీ వేరు. మన ఊళ్లో బరాత్‌లో కత్తులు తిప్పినందుకు పెళ్లికొడుకుల మీదే కేసులైన సంగతి పేపర్లు చదివేవాళ్లందరికీ తెలుసు. పెద్దాయన కత్తి మూడున్నర అడుగులు.

*

రాత్రి రామచంద్రపురంలో బస్సెక్కి తెల్లవారుజామున ఎల్బీనగర్‌లో దిగారు నలుగురూ. పెద్దాయన, ఆయన కొడుకు, తాషా వాయించే ఇద్దరు అన్నదమ్ములు. పాత దుప్పట్లో చుట్టి, పంచె అంచుతో మూడుచోట్ల కట్టిన పొడుగాటి మూట పెద్దాయన చంకలో ఉంది. నేను తెలివిగా, "మెట్రో ఎక్కితే పది నిమిషాల్లో మూసారాంబాగ్‌లో దిగుతాం" అన్నాను. మెట్లెక్కి పైకి వెళ్లాం. సామాను స్కానింగు యంత్రంలో పెట్టమంటున్న సెక్యూరిటీ అమ్మాయిని చూసేదాకా నాకు బుద్ధి రాలేదు. పెద్దాయన నా వంక చూసి నవ్వి, మూట సర్దుకుని వెనక్కి తిరిగాడు. రెండు ఆటోల్లో వచ్చాం.

దారిలో కొడుకు నోరు విప్పాడు. పాతికేళ్ల కుర్రాడు, డిప్లొమా చదివాడు. కాకినాడలో మోటారు బళ్ల షోరూంలో పని. సెలవు పెట్టి వచ్చాడు.

"మా కులం సర్టిఫికెట్ ఎప్పుడైనా చూశారాండి?" అని అడిగాడు.

చూడలేదన్నాను.

"వీరముష్టి అని ఉంటదండి. పక్కన బ్రాకెట్లో నెత్తికోతల అని ఉంటది. కాలేజీలో క్లర్కు గట్టిగా చదివాడండి. మూడేళ్లు అదే పేరు."

బీసీ-ఎ జాబితాలో ఇప్పటికీ అలాగే ఉంది. ఆ బ్రాకెట్లోని మాట వెనక కొన్ని వందల ఏళ్లున్నాయి. శ్రీశైలంలో మల్లికార్జునుడి గుడి ఆవరణలో వీరశిరోమండపం ఉంది. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు అనవేమారెడ్డి కట్టించాడు. అక్కడ వీరశైవ భక్తులు నాలుకలు, తలలు కోసి శివుడికి అర్పించేవారని శాసనమే చెబుతుంది. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల వెంట మైలారు భటులు చేసే సాహసాలు చదువుతుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అంతటి తెగింపు కాలం గడిచేకొద్దీ చెంపకూ నాలుకకూ గుచ్చుకునే నారసానికి, కత్తి పట్టి వేసే అడుగుకు తగ్గింది. దాన్నే మనం వీరనాట్యం అంటున్నాం. పేరిణిని మళ్లీ నిలబెట్టిన నటరాజ రామకృష్ణ తప్పెటగుళ్లు, గరగలతో పాటు దీన్నీ వెలుగులోకి తెచ్చారు. అప్పట్నుంచి ప్రభుత్వ వేడుకల్లో శకటం ముందు వరసలో నడుస్తోంది. వేదిక మీద వేసే వీరనాట్యం మీరూ చూసే ఉంటారు. పాతికమంది ఒకే రంగు పంచెల్లో, ఒకేసారి గెంతుతూ. చూడ్డానికి బాగుంటుంది.

పెద్దాయన దాన్ని 'పరేడు' అంటాడు.

*

సంబరం మేడ మీద అనుకున్నాం. షామియానా వేయించాం. మధ్యాహ్నం మూడింటికి మొదలైన వాన నాలుగున్నరకు కూడా తగ్గలేదు. అలా కిందికి, సెల్లారులోకి వచ్చాం. అక్కడ అసలు కథ మొదలైంది. ఒక్కొక్కటిగా పోవడం.

మొదట గడ పోయింది. విభూతి పట్టెలు పెట్టి, చివర గంటలు కట్టి ఆడించే పొడవాటి వెదురు గడ వీరభద్రుడి ధ్వజం. బావ దాన్ని పొద్దున్నే కొని తెచ్చాడు. ర్యాంపు దగ్గర వంపు తిరగలేక బయటే గోడకు ఆనుకుని తడుస్తూ ఉండిపోయింది.

తర్వాత నిప్పు పోయింది. ఇత్తడి పళ్లెంలో కర్పూరం రాశిగా పోసి వెలిగించి, అది ఆరేదాకా చేత్తో పట్టుకుని ఆడటం సంబరంలో మొదటి అంకం. అసోసియేషన్ సెక్రటరీ చేతులు జోడించాడు. "సార్, పదమూడు బళ్లున్నాయి, అన్నింట్లో పెట్రోలే." ఆయన్ని తప్పుపట్టలేం. పళ్లెం ర్యాంపు పైన, వానలో, గొడుగు కింద వెలిగింది. ఆడే వీలు లేదు. రెండు నిమిషాల్లో అయిపోయింది.

తర్వాత నారసాలు. పెళ్లికూతురు మెట్ల మీద నుంచే చెప్పేసింది: "మామయ్యా, ఎవరైనా నాలుకకి గుచ్చుకుంటే నేను పైకి వెళ్లిపోతా." పెద్దాయన విని, "మొక్కు ఉంటేనేనండి అది. అమ్మగారు మొక్కలేదు కదా" అన్నాడు. కాస్త ఊపిరి పీల్చుకున్నాను. అందులో సిగ్గుపడాల్సిందేమీ నాకు కనపడలేదు.

చివరికి తాషా. వాయించి చూశారు. కాంక్రీటు కప్పు కింద రెండు పుల్లలు పడగానే చెవులు చిల్లులు పడ్డాయి, రెండు కార్ల అలారాలు మోగాయి. అన్నదమ్ములు తాషాలు పక్కన పెట్టేశారు.

మిగిలింది ఒక డోలు, ఒక వీరణం, ఒక కత్తి.

ఈ హడావుడి చూసి కింది ఫ్లాటు పెద్దమనిషి బయటికొచ్చాడు. బావ ఆయన్ని చాచా అంటాడు. డెబ్బై ఏళ్లు పైబడ్డ మనిషి, చేతిలో తస్బీ. ఈయనొచ్చి ఏమంటాడోనని బావ కంగారు. చాచా తిన్నగా పెద్దాయన దగ్గరికి వెళ్లి, "ధార్ ఉందా దీనికి?" అని అడిగాడు.

"అంచుకు లేదండి. మొనకు ఉంది."

"అదే మంచిది" అని తలూపాడు చాచా. తన చిన్నప్పుడు బార్కస్‌లో చుట్టాల పెళ్లికి మర్ఫా దరువు మీద తల్వార్ తిప్పినవాళ్లను చూశాడట. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం ఫౌజులో చేరిన అరబ్బుల పేట అది. బారక్స్ అనే మాటే బార్కస్ అయింది. తిప్పేవాడు చూడాల్సింది కత్తిని కాదట, తన మోచేతిని అట. పెద్దాయన మోచెయ్యి చూపించాడు. అక్కడ పాత మచ్చ ఉంది. ఇద్దరూ నవ్వుకున్నారు. చాచా లోపలికి వెళ్లి తాళాలు తెచ్చి, తన స్కూటర్ తీసి వానలో పెట్టాడు. ఎనిమిదడుగుల బరి పదకొండయింది.

అన్నట్టు ఈ పేటకు కత్తి కొత్తేం కాదు. నిజాం కొలువులో ఉండి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఇక్కడికి దగ్గర్లోని గుట్ట మీదే ఉంది. ఆయన పేరే జనం నోట్లో నలిగి మూసారాం అయింది, మూసారాంబాగ్ అయింది. చాచా అడిగిన ప్రశ్న ఆయన సైనికులూ ఒకరినొకరు అడిగే ఉంటారు.

*

సాయంత్రం ఆరున్నరకు పెద్దాయన గజ్జెలు కట్టుకున్నాడు. ఎర్ర పంచె, నడుముకు దట్టీ, మెడలో రుద్రాక్షలు, నుదుటిన మూడు విభూతి రేఖలు. కత్తిని అత్తయ్య ముందు పెట్టించి పసుపు, కుంకుమ పెట్టించాడు. ఆమెకు మోకాళ్లు వంగవు. ప్లాస్టిక్ కుర్చీలోనే కూచుని, ముందుకు ఒరిగి పెట్టింది.

నాకు ముందు తెలియని సంగతి ఇక్కడొకటి చెప్పాలి. ఖడ్గం అంటే ఆ ఇనుప కత్తి అనే అనుకున్నాను ఇన్నాళ్లూ. వాళ్లకు ఖడ్గం అంటే చదివేది. కత్తి పట్టుకుని, గుక్క తిప్పుకోకుండా, మెట్టుమెట్టుగా వేగం పెంచుతూ చెప్పే పొడవాటి వచనం. సతీదేవి తండ్రి చేసిన యాగానికి పిలవకపోయినా వెళ్లడం, అవమానపడి అగ్నికి ఆహుతవడం, శివుడు జటను నేలకు కొట్టడం, అందులోంచి వీరభద్రుడు లేవడం, దక్షుడి తల తెగడం, చివరికి గొర్రె తల అతకడం. ఒక్కో ఘట్టం ఒక్కో ఖడ్గం. గుక్క అయిపోయినచోట వీరణం పడుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు 'శరభ' అంటారు. దక్షుడు యజ్ఞం చేసింది తమ ద్రాక్షారామంలోనే అని నమ్మే ఊళ్లవాళ్లకు ఇది పురాణం కాదు, పక్కవీధిలో జరిగిన తగాదా.

పెద్దాయన మొదలుపెట్టాడు.

ఊళ్లో అయితే, ఆయన తర్వాత చెప్పాడు, గుక్కకు ముందు కత్తి తల చుట్టూ తిరుగుతుంది. నాలుగు వీధుల జనం చూడాలి కాబట్టి ఎత్తులో తిప్పుతారు. ఇక్కడ ఎత్తు లేదు. ఆయన కత్తిని రొమ్ముకు అడ్డంగా, ఎడమ ముంజేతి మీద ఆనించి పట్టుకున్నాడు. మూడడుగులు ముందుకు, మూడడుగులు వెనక్కి. ముందుకు వచ్చేటప్పుడు మాట, వెనక్కి వెళ్లేటప్పుడు వీరణం. కత్తి ఆ ముంజేతి మీద అటూ ఇటూ జరుగుతోంది తప్ప పైకి లేవడం లేదు. మొన కదలిక బెత్తెడు కూడా ఉండదు. కానీ ఆ బెత్తెడు మా మొహాలకు నాలుగడుగుల దూరంలో ఉంది.

మొదటి ఖడ్గానికి పిల్లలు ఫోన్లు పట్టుకున్నారు. రెండోదానికి వేగం పెరిగింది. ఆయన కంఠం కప్పుకు తగిలి, గోడలకు తగిలి, వెనక నుంచి కూడా వినపడుతోంది. మేడ మీద ఆ గొంతు వానగాలిలో కలిసిపోయేది. ఇక్కడ పోవడానికి చోటు లేదు. శివుడు జట పీకే ఘట్టం దగ్గర ఆయన గుక్క ఎంతసేపు పట్టాడో లెక్కపెట్టలేదు గానీ, నేను నా ఊపిరి బిగబట్టానని వీరణం పడ్డాక తెలిసింది. 'శరభ' అనాల్సినచోట మేమెవ్వరం అనలేదు. మాకు అలవాటు లేదు. అత్తయ్య ఒక్కతే అంది. తర్వాత సారి బావ కూడా అన్నాడు, మొహమాటంగా, అసోసియేషన్ మీటింగులో చెయ్యెత్తినట్టు. నాలుగోసారికి సెల్లారంతా అంది.

కొడుకు వైపు చూశాను. వీరణం మీద వంగి, తండ్రి పెదాలనే చూస్తున్నాడు. గుక్క ఎక్కడ తెగుతుందో చెవి చెప్పేలోపే చెయ్యి పడాలి. షోరూం కుర్రాడు అక్కడ లేడు.

దక్షుడి తల తెగే ఘట్టంలో మాత్రం పెద్దాయన ఒక్కసారి మరిచిపోయాడు, లేదా మరిచిపోలేదు. కత్తి లేచింది. కప్పు దూలానికి రాసుకుని, సున్నం రాలి, ఆయన భుజం మీద పడింది. ఎవరో కెవ్వుమన్నారు. ఆయన అడుగు తప్పలేదు.

అన్నీ అయ్యాక ఆయన వచ్చి అత్తయ్య కుర్చీ ముందు ఆగాడు. చెమట కారుతోంది. కత్తి మొన నేలకు ఆనించి, పిడి మీద రెండు చేతులూ వేసి నిలబడ్డాడు.

"అమ్మగారూ, వీరుడి పేరు సెప్పండి."

వాడి పేరు ఆ ఇంట్లో నలభై ఏడేళ్లుగా ఎవరూ పలకలేదు. 'చిన్నాడు' అనే అనేవాళ్లు, అదీ అరుదుగా. పెళ్లికూతురికి తన బాబాయి పేరు తెలియదు. అత్తయ్య నోరు తెరిచింది, మూసింది. ఆయన తొందరపెట్టలేదు. వీరణం మీద కుర్రాడి చెయ్యి అలాగే గాలిలో ఆగి ఉంది. బయట వాననీళ్లు ర్యాంపు మీది జాలీలోకి పడుతున్న చప్పుడు.

అత్తయ్య పేరు చెప్పింది. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, బడిలో హాజరు పిలిచినట్టు.

ఆయన ఆ పేరును ఖడ్గంలో కలిపి చదివాడు. ఫలానా ఇంట, ఫలానా వారి మనవరాలి పెళ్లి, నువ్వు ముందుండి నడిపించు అని. ఈసారి వేగం లేదు. మామూలు మాట. పక్కింటి పెద్దమనిషి గుమ్మంలో నిలబడి పెళ్లికి పిలిచినట్టుంది.

అత్తయ్య ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు. "కాఫీ ఇవ్వండ్రా వాళ్లకి" అంది.

*

భోజనాలయ్యాక పెద్దాయన పక్కన మెట్ల మీద కూచున్నాను. ఇంత ఇరుకులో, ఇంత తక్కువమంది ముందు చెయ్యడం కష్టం కాలేదా అని అడిగాను.

"జనం వందల్లో ఉంటే కత్తి మాట్లాడుద్దండి" అన్నాడు, గజ్జెలు విప్పుకుంటూ. "వెనకనున్నోళ్లకి నా నోరు ఇనపడదు కదా. ఇరవై మందైతే కత్తికి పనుండదండి, నోరే మాట్లాడాల. అదే కష్టం. ఒక్క ముక్క పొల్లుపోయినా తెలిసిపోద్ది." కాసేపాగి, "దూలానికి తగిలింది కదండీ, అదేం ఆవేశం కాదు. గుక్క సాలక సెయ్యి లేసింది. వయసు అరవై మూడు" అన్నాడు.

నేను దాన్ని ఆ సాయంత్రానికి శిఖరం అనుకున్నాను. ఆయన లెక్కలో అది తప్పు.

కొడుక్కి ఎన్ని ఖడ్గాలు వచ్చని అడిగాను. వీరణం వాయించేవాడికి అన్నీ వస్తాయట, చదవమంటే మాత్రం చదవడట. కుర్రాడు వింటూనే ఉన్నాడు. ఏమీ అనలేదు. కత్తిని దుప్పట్లో చుట్టి, మూడుచోట్ల ముడి వేశాడు. రాత్రి పదింటి బస్సుకు ఎల్బీనగర్‌లో దించి వచ్చాం. ఈసారి మెట్రో ఊసెత్తలేదు.

పెళ్లి బాగా జరిగింది. రెండు వారాల తర్వాత అసోసియేషన్ రసీదు ఒకటి బావ వాట్సాప్‌లో పంపాడు. సెల్లారు వాడకానికి అయిదొందలు, దూలానికి సున్నం వేయించినందుకు మూడొందలు. కారణం అన్నచోట సెక్రటరీ 'పూజ' అని రాశాడు.